గుర్రం ఉన్న ఇంటికి కష్టం వస్తే: గోదావరి డెల్టా నేపథ్యంలో పిల్లల నవల రాసే పద్ధతి

పిల్లల నవలలో గుర్రం అనగానే చాలామంది ముందు దాని పేరు, రంగు, నుదుటి మీద తెల్లచుక్క తేల్చుకుంటారు. అవి ఆఖర్న తేలినా నష్టం లేదు. మొదట తేలాల్సింది ఆ గుర్రం రోజుకి ఎంత తింటుంది, ఆ మేత ఎవరు తెస్తారు, ఆ డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది అన్నది. ఇంట్లో మనుషులు పండక్కి కొత్తబట్టలు మానుకోగలరు, కూర లేకుండా ఓ పూట గడపగలరు. గుర్రానికి అలా వాయిదా వేయడం కుదరదు. కుటుంబం కష్టాల మీద రాసే గుర్రం నవలకి కథంతా ఆ కుదరకపోవడంలోనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు సొంతంగా చదువుకునే నవల గురించి. 18 నుంచి 20 అధ్యాయాలు, ఒక్కోదానికి 1200 నుంచి 1400 మాటలు చాలు. అంతకు మించితే ఆ వయసు వాళ్లు ఒక్క బిగిన అధ్యాయం ముగించలేరు.

అసలు గుర్రం ఆ ఊళ్లో ఎందుకుంది?

గోదావరి డెల్టా గుర్రాల సీమ కాదు. దుక్కికి ఎద్దులూ దున్నపోతులూ ఉండేవి, తర్వాత ట్రాక్టర్లొచ్చాయి. సరుకులు కాలవల్లో పడవలమీద వెళ్లేవి. కాబట్టి గుర్రం ఎలా వచ్చిందో మొదటి రెండు అధ్యాయాల్లోనే పాఠకుడికి నమ్మకం కలగాలి. అందుకు మంచి దారులు రెండున్నాయి. ఒకటి జట్కా. ఆటోలు రాకముందు రైల్వే స్టేషన్ బయట జట్కాలు నిలబడిన కాలానికి కథని తీసుకెళ్తే, బతుకుతెరువు మెల్లగా జారిపోవడం కథలో దానంతటదే వస్తుంది. రెండోది పెళ్లి ఊరేగింపుల గుర్రం. ఇది ఇప్పటి కథకి సరిపోతుంది. తోటలున్న ఆసామి సరదాకి కొన్న గుర్రం మాత్రం వద్దు. కష్టం రాగానే దాన్ని అమ్మేస్తాడు, అక్కడితో కథ అయిపోతుంది. గుర్రం ఆ ఇంటికి అన్నం పెట్టేదై ఉండాలి. అప్పుడే దాన్ని ఉంచుకోవడమూ కష్టం, అమ్ముకోవడమూ కష్టం.

రెండింటిలో పెళ్లి గుర్రమే మేలని మా అభిప్రాయం, కారణం పంచాంగం.

ఒక పెద్ద కాగితం మీద పన్నెండు తెలుగు నెలలూ వరసగా రాయండి. పైవరసలో ఆదాయం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్ల నెలలు. ఆషాఢంలో సున్నా. శ్రావణంలో మళ్లీ మొదలు, భాద్రపదంలో సున్నా. కార్తీకం, మార్గశిరం బాగుంటాయి, పుష్యంలో మళ్లీ సున్నా. వీటి మీద మూఢం వచ్చి పడితే మంచి నెల కూడా ఖాళీయే. ఏ సంవత్సరంలో కథ జరుగుతోందో అనుకున్నాక ఆ ఏడాది పంచాంగం తెచ్చి ముహూర్తాలు చూసుకోండి. ఊహించి రాస్తే ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

కిందివరసలో ఖర్చు. జూన్‌లో కాలవలు వదులుతారు, సార్వా (ఖరీఫ్ వరి) పనులు మొదలవుతాయి. కౌలుకి చేసే పొలం చెక్క ఉంటే విత్తనాలు, దమ్ము, నాట్లు అన్నీ ఆ రెండు నెలల్లోనే. బడులు తెరిచేదీ అప్పుడే: ఫీజు, పుస్తకాలు, చెప్పులు. ఇప్పుడు రెండు వరసలూ కలిపి చూడండి. చేతినిండా ఖర్చున్న సమయంలోనే ఆషాఢం వచ్చి గుర్రం సంపాదన ఆగుతుంది. శ్రావణం వచ్చిందనుకునేసరికి గోదావరికి వరదల కాలం. కార్తీకంలో నిలదొక్కుకుందామంటే తుపాన్ల కాలం. విలన్‌ని వెతుక్కోనక్కర్లేకుండానే నవలకి మూడు మలుపులు దొరికాయి.

అప్పు లెక్క కూడా కాగితం మీదే తేల్చండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెస్తే నెలకి 800, ఏడాదికి 9,600 వడ్డీ కిందే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఐదో తరగతి పిల్ల ఈ లెక్క చేయగలదు. చేయనివ్వండి. నోటుపుస్తకం ఆఖరి పేజీలో పెన్సిలుతో వేసుకున్న ఆ గుణకారం, నాన్న మొహం వర్ణించే రెండు పేరాల కన్నా ఎక్కువ చెబుతుంది. ఉలవలు, శనగల ధరలు మీ ఊరి కొట్లోనే అడగండి. పాతకాలం కథైతే ఆ కాలంలో కొట్టు నడిపినవాళ్లని, పాత ఖాతా పుస్తకాలని వెతికి పట్టుకోండి.

మేత లెక్క

జట్కాకి, ఊరేగింపుకి వాడే తట్టు (పొట్టి రకం) గుర్రం బరువు సుమారు 250 కిలోలనుకోండి. ఎండుమేత లెక్కన రోజుకి దాని బరువులో నూటికి రెండు వంతులు, అంటే ఐదు కిలోలు కావాలి. పచ్చగడ్డిలో ముప్పాతిక వంతు పైగా నీరే కాబట్టి ఉత్త గరిక మీదే బతకాలంటే 20 నుంచి 25 కిలోలు కోయాలి. పదేళ్ల పిల్ల ఒక్కసారి మోయలేని మోపు అది. బడికి ముందొకసారి, బడి నుంచి వచ్చాక ఒకసారి గట్టు మీదికి వెళ్లాల్సిందే. పనిచేసే రోజుల్లో దీనికి తోడు కిలో నుంచి రెండు కిలోల దాణా: నానబెట్టిన శనగలు గాని, ఉడికించిన ఉలవలు గాని. ఓ గుప్పెడు ఉప్పు. నీళ్లు 15 నుంచి 25 లీటర్లు, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. గుర్రం పొట్ట దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. అందుకే ఒక్కసారి కుమ్మరించడం కాదు, రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. మీ కథలో పిల్ల పెళ్లికో తిరనాళ్లకో వెళ్లిందంటే, ఆ మధ్యాహ్నం మేత ఎవరు వేశారో ఒక్క వాక్యంలోనైనా చెప్పండి.

డెల్టా ఇంట్లో తేలిగ్గా దొరికేవి వరిగడ్డి, తవుడు. ఈ రెండూ గుర్రానికి సరిపడవు. నవల రాసేవాళ్లు ఎక్కువగా బోల్తా కొట్టేది ఇక్కడే. వరిగడ్డిలో సత్తువ తక్కువ. నీళ్లు చాలకుండా అదే మేపితే పేగుల్లో గట్టిపడి కడుపునొప్పి తెస్తుంది. వానకి తడిసి బూజు పట్టిన గడ్డి వేస్తే దగ్గు పట్టుకుంటుంది. తవుడు సంగతి మరీ విచిత్రం. దానిలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే ముఖ్యమైన దాణాగా పెడితే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. దవడ, ముక్కు పక్క ఎముకలు ఉబ్బుతాయి, నడకలో కుంటు మొదలవుతుంది.

దీన్ని కథలో ఇలా వాడుకోవచ్చు. ఉలవలు కొనే డబ్బు లేక ఇంట్లోవాళ్లు తవుడులోకి దిగుతారు. రెండు మూడు నెలలకి గుర్రం మొహం నిండుగా కనబడుతుంది. ఎదురింటావిడ చూసి, "మొహం కళగా ఉందమ్మా, బాగా మేపుతున్నారు" అంటుంది. పిల్ల మురిసిపోతుంది. ఆ తర్వాతి అధ్యాయంలో పశువుల డాక్టరు గారు దవడ రెండు వైపులా తడిమి, "ఏం పెడుతున్నారు?" అని అడుగుతారు. నాన్న తలొంచుకుంటాడు. ఎవరూ ఏడవక్కర్లేదు. పేదరికం ఆ ఇంట్లో ఏం చేసిందో గుర్రం మొహం మీదే కనబడింది. ముందే పట్టుకుంటే మేత మార్చి, కాల్షియం ఇచ్చి కుంటు తగ్గించవచ్చు. ఎముక వాపు మాత్రం పూర్తిగా పోదు. నవల ముగిసేదాకా ఆ గుర్తు ఉండనివ్వండి.

గుర్రం ఎద్దు కాదు

మనకి తెలిసింది గేదె, ఎద్దు. తెలియకుండానే వాటి అలవాట్లు గుర్రానికి అంటగడతాం. గుర్రం నెమరు వేయదు. ముకుతాడు ఉండదు, నోట్లో కళ్లెం ఉంటుంది. ఎద్దు డెక్క రెండుగా చీలి ఉంటుంది కాబట్టి నాడాలు రెండు ముక్కలు, ఎద్దుని పడుకోబెట్టి కాళ్లు కట్టి కొడతారు. గుర్రానిది ఒకే గిట్ట, ఒకే నాడా, నిలబెట్టి కాలు పైకెత్తి పట్టుకుని కొడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నాడా విప్పి, పెరిగిన గిట్ట చెక్కి మళ్లీ కొట్టాలి. ఎద్దులకి కొట్టేవాడి చేత చౌకగా కానిద్దామని నాన్న అనుకోవడం, మేకు పక్కకి పోయి లోపలి మెత్తటి భాగానికి తగలడం, అదే రోజో రెండు మూడు రోజులకో గుర్రం కుంటడం చక్కని వరస. ఆ గాయం నుంచి ధనుర్వాతం వచ్చే ప్రమాదం గుర్రాలకి చాలా ఎక్కువ. డాక్టరు సూది వేయకుండా ఆ అధ్యాయం దాటొద్దు.

గుర్రానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక మాత్రం కనపడదు. తెలిసినవాళ్లు భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్తారు. మీ కథానాయిక మొదటిసారి వెనకనుంచి పరిగెత్తుకెళ్లి వాటేసుకుంటే తన్ను తిని తీరాలి. ఎరుపు రంగు దానికి సరిగా తెలియదు, ఎర్రచీర చూసి బెదిరిందని రాయకండి. బెదిరేది బాణసంచాకి, డీజే మోతకి, గాలికి రెపరెపలాడే ప్లాస్టిక్ సంచికి, ఏరు దాటించే పంటు ఎక్కేటప్పుడు కాళ్లకింద డొల్లగా మోగే చెక్కకి. కోపం వస్తే చెవులు వెనక్కి అణిచేస్తుంది. నిలబడే కునుకు తీస్తుంది గానీ, గాఢనిద్రకి కాసేపు పడుకుంటుంది.

పరుగు శబ్దం అంతా "టకటక" కాదు. నడకలో నాలుగు దెబ్బలు విడివిడిగా పడతాయి. బండికి కట్టినప్పుడు సాగే పరుగులో రెండే, ఒక ముందుకాలు, దానికి ఎదురు పక్క వెనకకాలు జంటగా పడతాయి. దౌడులోకి వెళ్లే ముందు మూడు. పరుగు సాగే వాక్యాల్ని ఆ తాళానికి తగ్గట్టు విరవండి.

పెద్ద జబ్బు ఒకటే చాలు

నవలకంతటికీ ఒక పెద్ద జబ్బు, ఒక చిన్న జబ్బు. అంతకు మించి పెడితే పిల్లలకి దిగులు తప్ప ఇంకేం మిగలదు. డెల్టాకి అతికే చిన్న జబ్బు గిట్ట కుళ్లు. బురదలో, ఉచ్చ నిండిన నేలమీద నిలబడితే గిట్ట అడుగున మధ్య భాగం మెత్తబడి నల్లటి చీము, భరించలేని కంపు వస్తాయి. పాక నేల మెరక చేసి ఇసక పోయడం, రోజూ గిట్టలు గీకి శుభ్రం చేయడం దానికి మందు. అది పిల్ల చేయగల పని కూడా.

పెద్ద జబ్బుకి కడుపునొప్పిని మించింది లేదు. గుర్రానికి వాంతి రాదు, తిన్నది కిందికి పోవాల్సిందే. పెళ్లివారు ముద్దుగా లడ్డూలు, పులిహోర తినిపించడం ఒక్కటి చాలు కారణానికి. లక్షణాలు వరసగా రానివ్వండి. మేత ముట్టదు. తల తిప్పి తిప్పి డొక్క వైపు చూసుకుంటుంది. ముందుకాలితో నేల గీరుతుంది. పడుకుంటుంది, లేస్తుంది, దొర్లుతుంది. చెమట పడుతుంది. పేడ వేయదు. డొక్కకి చెవి ఆనిస్తే మామూలుగా వినిపించే గుడగుడలు వినిపించవు. పిల్ల చెవి అక్కడ ఆనించి, ఏమీ వినబడక, వెనక్కి తిరిగి నాన్న వైపు చూడటం దగ్గర అధ్యాయం ఆపేయొచ్చు. నాడి దవడ ఎముక లోపలి అంచున దొరుకుతుంది. నిదానంగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. అరవై దాటిందంటే పరిస్థితి బాగోలేదు. ఈలోగా ఇంట్లోవాళ్లు చేయాల్సింది మేత తీసేయడం, అది నడవగలిగితే మెల్లగా నడిపించడం, డాక్టరు కోసం పరిగెత్తడం. నాటుమందు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అది చేయబోయే పాత్ర ఒకటుంటే ఆపే పాత్ర ఒకటుండాలి. ఇప్పటి కథైతే 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. 1980ల కథైతే సైకిలు మీద ఊరు దాటి వెళ్లాలి, మధ్యలో రేవు, రేవులో పంటు అవతలి ఒడ్డున.

వరద అధ్యాయం

ఏదో ఒక వరద అని రాయకుండా ఒక వరదని ఎంచుకోండి. 1986 ఆగస్టు వరదైతే భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీళ్లు ముందు భద్రాచలంలో పెరిగి తర్వాత కిందికొస్తాయి. ఈ అంకెలు రేడియోలో ఒక్కొక్కటే వినబడుతుంటే ఉత్కంఠ కోసం మీరు వేరే ఏమీ చేయనక్కర్లేదు. మొదటి హెచ్చరికకి తాతయ్య నవ్వుతాడు. రెండోదానికి గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలతారు. మూడోదానికి ఏటి మధ్య లంకలో ఎవరు మిగిలారన్నదే ప్రశ్న.

గుర్రాన్ని చిన్న నావలో ఎక్కించడం జరిగే పని కాదు. బెదిరిందంటే నావ తలకిందులే. నమ్మదగ్గ దారి, నీళ్లు దారిమీదికి రాకముందే నడిపించి గట్టు చేర్చడం. అంటే ముందుగా నిర్ణయం తీసుకోవాలి, పెద్దవాళ్లు తాత్సారం చేయాలి, పిల్ల పోరాలి. గుర్రం ఈదగలదు. అయినా వరద గోదావరిలో చెట్లు, కప్పులు కొట్టుకొస్తుంటే దాని మీద పిల్ల స్వారీ చేసి ఏరు దాటడం సినిమా. ప్రవాహం లేని ముంపునీటిలో, గుర్రం ఛాతీ లోతు దాకా నడిపించుకుంటూ వెళ్లడం వరకే రాయండి.

వరద రాత్రి కన్నా వరద తీసిన వారం మీద ఎక్కువ పేజీలు పెట్టండి. గడ్డంతా ఒండ్రు పట్టి ఉంటుంది. దులపకుండా, కడక్కుండా మేపితే ఇసక పేగుల్లో చేరుతుంది. వరిగడ్డి వాములు బూజు. నానిన కాళ్ల చర్మం పగులుతుంది. జోరీగలు ముసురుతాయి, వాటి కాటుతో వచ్చే సర్రా జ్వరం గుర్రాన్ని పీల్చేస్తుంది. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

తుపాను కావాలంటే 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని కొట్టినది ఉంది. దాని దెబ్బ దీర్ఘం. పడిపోయిన కొబ్బరి చెట్టు స్థానంలో పెట్టిన మొక్క కాపుకి రావడానికి ఐదారేళ్లు పట్టొచ్చు, ఈలోగా కాయల దింపు డబ్బు ఉండదు.

ఇంటి కష్టాన్ని పిల్ల కళ్లతో

పిల్లకి అప్పు పత్రం కనపడదు. కనపడేవి వేరు. అమ్మ మెడలో గొలుసు పోయి పసుపుతాడు మిగలడం. పాలవాడి దగ్గర లీటరు అరలీటరు కావడం. చీటీ పాట రోజున నాన్న పెందలాడే పొలం పోవడం. మామ్మ "నాకు ఆకలి లేదే" అనడం. పిలుపులు కూడా మారతాయి. మొదటి అధ్యాయంలో వడ్డీ షావుకారు గుమ్మంలో నిలబడి, "నాన్నగారున్నారామ్మా?" అంటాడు. పదో అధ్యాయానికి, "ఏవే, మీ నాన్న ఉన్నాడా?" అవుతుంది. పిల్ల ఇది గమనించిందని మీరు చెప్పొద్దు. ఆమె జవాబు మారితే చాలు. మొదట "ఆయ్, ఉన్నారండి" అన్న పిల్ల ఇప్పుడు తలుపు మూసేస్తుంది.

ఇంట్లో మాటలు పొట్టిగా ఉండాలి.

"నాన్నా, ఉలవలు అయిపోయాయి."

"తవుడుందిగా."

"నిన్నా అదే పెట్టాం."

"ఇవాళా అదే పెట్టమ్మా."

ఇంతే. ఇక్కడ నాన్న చేత ఉపన్యాసం చెప్పించారా, పుస్తకం మూసేస్తారు.

జట్కాలు, ఊరేగింపు గుర్రాలు నడిపే కుటుంబం ముస్లిం కుటుంబమైతే పిలుపులు, పండగలు, ఇంటి భాష దానికి తగ్గట్టు ఉండాలి. ఆ ఇంటివాళ్ల చేత ఒకసారి చదివించకుండా అచ్చుకివ్వకండి.

ముగింపు

పందెం గెలిచి అప్పు తీర్చేయడం వద్దు. ఊరేగింపు తట్టు పందెపు గుర్రం కాదు, డెల్టాలో సంక్రాంతికి జరిగేవి వేరే పందాలు. నమ్మేలా ముగించాలంటే దారులున్నాయి. గుర్రం ఆడదైతే చూలు కాలం పదకొండు నెలలు, దాదాపు మీ నవల నడిచే ఏడాదంతా. సాధారణంగా రాత్రిపూటే ఈనుతుంది. గుర్రప్పిల్ల గంటలోపు నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మాయ మూడు గంటల్లో పడిపోవాలి. పడకపోతే డాక్టరు. ఒకటి అమ్మాలి, ఏది అమ్మాలన్నది అప్పుడు ప్రశ్న. తల్లి దగ్గర పాలు మానడానికి ఐదారు నెలలు పడుతుంది కాబట్టి గుర్రప్పిల్లని వెంటనే అమ్మడం కుదరదు, ఆ ఆర్నెల్లూ అప్పు ఆగాలి. లేదంటే గుర్రాన్ని సీజనుకి అద్దెకివ్వడం, నాన్న వేరే పనికి వెళ్లడం, అమ్మ కువైట్ వెళ్లడం. ఏది ఎంచుకున్నా పిల్ల చేసిన ఒక పని దాన్ని కదిలించాలి. అప్పు పూర్తిగా తీరక్కర్లేదు. మొదటి కాగితం మీద వేసిన లెక్కతో ముగింపు అంకె సరిపోతే చాలు.

రాత ముగిశాక రెండు పరీక్షలు. గుర్రం ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి మేత, నాడా, జబ్బు పేజీలు మాత్రం చదివి వినిపించండి. అతను నవ్వినచోట గీత గీయండి. తర్వాత ఐదారు తరగతుల పిల్లలకి మూడు అధ్యాయాలు పైకి చదవండి. బాగుందా అని అడగొద్దు, బాగుందండి అంటారు. మర్నాడు వెళ్లి, గుర్రం అప్పుడు ఏం తిందో అడగండి. తవుడు అని చెప్పగలిగితే ఆ సన్నివేశాలు నిలబడ్డట్టే. చెప్పలేకపోతే మేత సన్నివేశాలు మళ్లీ రాయాలి.